మోకాలెత్తు నుంచి తడిసిన గోడ

గోడలో తేమ కొలిచే మీటరు చేతికి వచ్చిన మొదటి వారం మనిషి ఎవరి మాటా వినడు. ఆ తర్వాత మెల్లగా వినడం నేర్చుకుంటాడని మా మేనేజరు అనేవాడు. నా విషయంలో ఆ మొదటి వారం దాదాపు పాతికేళ్ళు సాగింది. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను కాబట్టి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఒక గోడ సంగతి చెబుతాను. నేను బాగుచేసిన గోడలు చాలానే ఉన్నాయి. వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. బాగుపడిన గోడను ఇంటివాళ్ళే రెండో నెలకు మర్చిపోతారు.

మాది హిందూపురం దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి, ఇళ్ళ గోడలకు నెమ్ము ఎక్కకుండా మందు వేసే కంపెనీలో చేరాను. విజిటింగ్ కార్డు మీద ‘డాంప్ ఎక్స్‌పర్ట్’ అని అచ్చు వేయించి ఇచ్చారు. దాని అర్థం చెబితే మా అమ్మ, ‘దానిగ్గూడ ఒక ఉద్యోగమా’ అని అడిగింది. ఉద్యోగమే. వానాకాలం వస్తే నాకు కూర్చుని అన్నం తినే తీరిక ఉండేది కాదు.

పని చెప్పుకోవడానికి సులువు. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నేలలోని నీటిని పీల్చుకుంటుంది. ఆ నీరు గోడలోకి ఎక్కకుండా, పునాది మీద సిమెంటు బెల్టు వేసి దాని పైన తారు పూస్తారు. దాన్నే డీపీసీ అంటారు. అది లేని గోడకు అడుగున వరసగా రంధ్రాలు వేసి, లోపలికి మందు ఎక్కిస్తాం. ఆ మందు అడ్డుపొరలా గట్టిపడి నీటిని ఆపుతుంది. ఇంతే పని. మిగతాదంతా ఇంటివాళ్ళతో మాట్లాడటం.

ఆ ఇల్లు మడివాళలో, మార్కెట్టు వెనక సందులో ఉంది. మూడంతస్తులు. పై రెండింటిలో పీజీ కుర్రాళ్ళు, కింద ఇంటివాళ్ళు. తరాలుగా ఆ చోటే ఉంటున్న తెలుగువాళ్ళు. ఇంటాయన బ్యాంకు మేనేజరు. ఆయన తల్లికి ఎనభై దాటాయి. అక్కడ పెంకుటిల్లు, దాని వెనక ఆవుల కొట్టం ఉన్న రోజుల్లో ఆమె ఆరు ఆవులను సాకి, ఇంటింటికీ పాలు పోసి ఇద్దరు కొడుకులను చదివించిందట. ఆ సంగతి ఇంటాయనే మొదటి రోజు నాకు కాఫీ ఇస్తూ చెప్పాడు. నేను కాఫీ బాగుందని అన్నాను.

జబ్బుపడిన గోడ హాలుకూ ముసలావిడ గదికీ మధ్య ఉంది. బయటి గోడ కాదు కాబట్టి వాన తగలదు. దానిలో నీళ్ళ పైపు కూడా లేదు. మోకాలెత్తు నుంచి ఛాతీ ఎత్తు దాకా పెయింటు పొక్కులు లేచి తెల్లటి పొడి రాలుతోంది. చెయ్యి పెడితే చల్లగా, జిగటగా తగిలింది.

“ఇల్లు కట్టి నాలుగేండ్లు కాలేదు సార్,” అన్నాడు ఇంటాయన. “ఇటిక, సిమెంటు, ఇసుక, అంతా కొత్త మెటీరియలే ఇచ్చినా. ఒక్కటి గూడ పాతది వద్దంటి. అయినా ఇట్ల నెమ్మెక్కతా ఉండాది.”

నేను మీటరు తీశాను. దానికి రెండు సూదులుంటాయి, గోడకు గుచ్చితే తేమ ఉన్నచోట ఎర్ర దీపం వెలిగి కుయ్యిమంటుంది. ఆ మచ్చలో ఎక్కడ గుచ్చినా కుయ్యిమంది. నాతో వచ్చిన డ్రిల్లింగ్ పనివాడు పాలమూరు మనిషి, పదేళ్ళుగా నా జతలో ఉన్నవాడు. అతను కిందికి వంగి, గోడ అడుగున అతికించిన టైళ్ళకు కాస్త పైన అరచేత్తో తడిమి చూశాడు.

“సార్, కింద పొడిగనే ఉన్నది. తడి పైననే ఉన్నది.”

కింద పెయింటు మందంగా ఉంది, అందుకే తెలియడం లేదని నేను జవాబు చెప్పాను. అదెలా సాధ్యమో నాకు ఈరోజుకీ తెలియదు. నేల నుంచి వచ్చే నీరు కాళ్ళు తడపకుండా మోకాలికి ఎలా ఎక్కుతుందని అతను అడగలేదు. నన్ను ఎరిగినవాడు కాబట్టి అడగలేదు. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రిపోర్టు రాసిచ్చాను. ‘ఇల్లు కట్టినప్పుడు డీపీసీ వేయలేదు, అందువల్ల నేల తేమ గోడకు ఎక్కుతోంది’ అని దాని సారాంశం. గోడ తెరిచి చూడనివాడు అలా రాయకూడదు. ‘వేసి ఉండకపోవచ్చు’ అని రాయాలి. కానీ అలా రాస్తే కస్టమరు ఇంకో కంపెనీని కూడా పిలిచి అడుగుతాడని మా ఆఫీసులో అందరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు.

ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, ఇంటాయన వెంటనే ఇల్లు కట్టిన మేస్త్రీకి ఫోన్ చేశాడు. గంటలో అతను బండి మీద వచ్చి గేటు దగ్గర ఆగాడు. గౌరిబిదనూరు వైపు తెలుగువాడు, యాభై దాటిన మనిషి. ఆ సందులో ఇళ్ళు సగం అతను కట్టినవే. ఇంటాయన తమ్ముడికి సర్జాపురలో ఇల్లు కట్టడానికి అప్పుడే పునాదికి ముగ్గు పోసి ఉన్నాడు.

“మేస్త్రీ, డీపీసీ ఎగ్గొట్టినావంట కదప్పా. ఎక్స్‌పర్టు రాసిచ్చినాడు చూడు.”

మేస్త్రీ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి వెనక్కి ఇచ్చాడు. “బెల్టు వేసినా సార్. అది ఆరినంక తారు రెండుసార్లు పూసినా. ఆ పొద్దు మీరు బ్యాంకుకు పోయుంటిరి.”

“మెషీను అబద్ధం చెప్పదు మేస్త్రీ,” అన్నాను నేను, మీటరు పైకెత్తి చూపిస్తూ.

అతను మీటరు వైపు చూడలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి ఇంట్లోకి చూశాడు. లోపల ముసలావిడ టీవీ శబ్దం బాగా పెంచుకుని సీరియల్ చూస్తోంది. అతను కాసేపు అక్కడే చూసి, “సరేలే అప్పా. మెషీను పెట్టి లేదంటే నేనేం చెప్పేది,” అని బండి తిప్పుకున్నాడు. తప్పు చేసినవాడు అలాగే వెళ్తాడని నేను ఇంటాయనకు వివరించాను. ఆ రోజు నేను చాలా వివరించాను.

వారం తిరక్కుండా సర్జాపుర ఇంటి పని మేస్త్రీ చేతిలోంచి పోయింది. ఇంటాయన నా రిపోర్టును ఫోటో తీసి, జాగ్రత్తగా ఉండమని సందులోని వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అది ఫోన్ల మీద ఫోన్లు దాటి మేస్త్రీ ఇంటికి కూడా చేరింది. అతని దగ్గర పనిచేసే బామ్మర్ది నలుగురు మనుషులను వెంటబెట్టుకుని వేరే పోయాడట. ఈ కబురు వ్యానులో నా పాలమూరు మనిషి చెప్పాడు. తప్పు పని చేస్తే అంతే అన్నాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మందు వేసింది ఎండాకాలంలో. బళేపేట నుంచి కొత్త డ్రిల్లు బిట్లు తెచ్చి, గోడ అడుగున జానెడుకొక రంధ్రం వేస్తూ పోయాం. మూడో రంధ్రం దగ్గర నా మనిషి డ్రిల్లు ఆపాడు.

“సార్, దుమ్ము పొడిపొడిగ వస్తున్నది.”

తడి గోడలోంచి వచ్చే దుమ్ము డ్రిల్లుకు ముద్దలా అతుక్కుంటుంది. ఈ సంగతి అతనికి నేర్పింది నేనే. “నీ పని నువ్వు చూసుకో,” అన్నాను. నిజానికి అతను చూసుకుంటున్నది తన పనే. పాత ప్లాస్టరు మొత్తం కొట్టేసి లోపల ఇటుకను చూడాలని పద్ధతి. దుమ్ముకు అమ్మ దగ్గుతుంది, వద్దన్నాడు ఇంటాయన. పని తగ్గుతుంది కదా అని నేనూ ఒప్పుకున్నాను.

గోడ ఆరింది. ఏప్రిల్‌లో ఏ గోడైనా ఆరుతుంది. మేము మాత్రం అది మందు మహిమ అని నమ్మి, పదేళ్ళ గ్యారంటీ కాగితం ఇచ్చి వచ్చాం. జూన్‌లో వానలు పడ్డాయి, మచ్చ మళ్ళీ అదే చోట, అదే ఎత్తులో తేలింది. గోడ రెండో వైపు నుంచి కూడా రంధ్రాలు వేసి మందు ఎక్కించాం. దసరా తర్వాత ఆరింది. మరుసటి వానలకు మళ్ళీ తడిసింది.

“మన మందు ఎండకాలం మంచిగ పనిచేస్తది సార్,” అన్నాడు నా మనిషి. అతని ముఖంలో నవ్వేమీ లేదు.

ఆ రెండేళ్ళలో నేను ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. వెళ్ళిన ప్రతిసారీ ముసలావిడ ఆ గోడకే వీపు ఆనించి, చెక్క కుర్చీలో కూర్చుని ఉండేది. తడి గోడకు ఆనుకోవద్దమ్మా అంటే, “ఉండనీలే అప్పా. మనిషికి చెమట పట్టదా, గోడకూ పట్టింది,” అనేది. నేను వయసు మీద పడ్డవాళ్ళ మాటగా తీసుకుని మీటరు గుచ్చుకునేవాడిని.

చివరికి ఇంటాయన ఓపిక అయిపోయింది. వినియోగదారుల కోర్టుకు పోతానని కంపెనీకి మెయిలు పెట్టాడు. మేనేజరు నన్ను పిలిచి, “కట్టినవాడి తప్పని నువ్వే కదా రాసింది. గోడ అడుగు పగలగొట్టి, డీపీసీ లేదని ఫోటో తీసుకురా,” అన్నాడు. నాకు ఏ భయమూ కలగలేదు. డీపీసీ లేదని నేను రాశాను కాబట్టి అది ఉండదని నా నమ్మకం.

ఒక ఆదివారం పొద్దున అందరం చేరాం. మేస్త్రీని కూడా ఇంటాయన పిలిపించాడు. అతను అప్పటికి సర్జాపుర రోడ్డులో ఏదో అపార్ట్‌మెంటుకు వేరే మేస్త్రీ కింద రోజుకూలీకి ప్లాస్టరింగ్ చేస్తున్నాడు. మనిషి బాగా తగ్గాడు. ముసలావిడను లోపలికి వెళ్ళమంటే వెళ్ళనంది. కుర్చీ అవతలికి జరిపించుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

“కొట్టండప్పా,” అన్నాడు మేస్త్రీ. “కింద టైలు తీసి కొట్టండి. పైన మాత్రం ముట్టొద్దు.”

నా మనిషి టైళ్ళు ఊడదీసి ఉలి పెట్టాడు. పావుగంటలో బెల్టు బయటపడింది. బెల్టు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లటి తారు పొర, ఎక్కడా తెగలేదు. దాని పైన మొదటి రెండు వరసల ఇటుకలు ఎండి గలగలమంటున్నాయి. నేను మీటరు సూదులు గుచ్చాను. ఆ గోడ దగ్గర అది నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

తప్పు నాదేనని అప్పుడే ఒక మాట అని ఉంటే ఈ కథ నాకు ఇంత సిగ్గుచేటుగా ఉండేది కాదు. నేను అనలేదు. పైన ముట్టొద్దన్నాడే, ఎందుకన్నాడు అన్న ఆలోచన నా బుర్రలో దూరింది. ఉలి నేనే లాక్కుని మోకాలెత్తులో నాలుగు దెబ్బలు వేశాను. మెత్తబడిన ప్లాస్టరు పెచ్చుగా ఊడి కింద పడింది. లోపలి ఇటుకలు కింది వరసల్లాంటివి కావు. చిన్నవి, నలుపు తిరిగిన పాత ఇటుకలు. వాటికి పాత మట్టి ఇంకా అంటుకుని ఉంది. ఛాతీ ఎత్తు దాకా అవే, ఆపైన మళ్ళీ కొత్తవి.

ఇంటాయన ముఖం ఎర్రబడింది. “ఇవి నా ఇటికలు కాదు. నేను లోడు లోడు కొత్తవి దింపించినా. వాటినెక్కడికి తోలినావు మేస్త్రీ?”

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ రాస్తాను. ఆ మాట వినగానే నా ప్రాణం లేచివచ్చింది. డీపీసీ సంగతి పక్కకు పోయి దొంగతనం ముందుకు వచ్చింది. ఇక నా రిపోర్టును ఎవరూ అడగరు.

“ఇటికలు నేనే పెట్టినా సార్,” అన్నాడు మేస్త్రీ. ఇంటాయన రెండోసారి, మూడోసారి గద్దించి అడిగాడు. అతను తల వంచుకుని నిలబడ్డాడు.

నా మనిషి కింద పడ్డ ఇటుక పెచ్చు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. “వాసన చూడుండ్రి సార్.”

చూశాను. పల్లెలో పుట్టినవాడికి ఆ వాసన ఎవరూ చెప్పనక్కర్లేదు. వానాకాలంలో తెల్లవారుజామున పశువుల కొట్టంలో వచ్చే వాసన. ఏళ్ళ తరబడి ఆవుల మూత్రం ఇంకిన ఇటుకలో ఒక రకం ఉప్పు నిండిపోతుంది. గాలిలో చెమ్మ పెరిగితే ఆ ఉప్పు దాన్ని లాక్కుని నీరు కారుతుంది, వంటింట్లో ఉప్పు డబ్బా కారినట్టే. నేలకూ ఆ తడికీ ఏ సంబంధమూ లేదు. ఉప్పు కలిసిన తడికి మీటరు మామూలు కంటే ఎక్కువ అరుస్తుందని దాని వెంట వచ్చిన పుస్తకంలోనే రాసి ఉంది. ఆ పుస్తకం నా దగ్గర అట్టపెట్టెలోనే ఉంది.

నేను నోరు తెరిచే లోపల ముసలావిడ కొంగు తీసి మాట్లాడింది.

“ఒరే, ఆయప్పనేమీ అనొద్దు. అవి మన కొట్టం ఇటికలు. నేనే పెట్టమన్నా.”

ఇంటాయన ఆమె వైపు తిరిగాడు.

“కొట్టం పడగొట్టే దినం, ఒక్క గోడ ఉంచరా అంటి. ఆ పాత చెత్త ఏమిటికమ్మా అంటివి. ఆ ఆవులు లేకుంటే నువ్వు యాడుంటివి, మీ తమ్ముడు యాడుండె? ఇంట్లో వాటి గుర్తు ఒకటి ఉండల్ల అనిపించింది. నేను ఆనుకొని కూర్చునే తావులో, నా వీపుకు తగిలేట్ల పెట్టమని ఈయప్పను అడిగినా. నీకు చెప్పొద్దని గూడ నేనే అంటి.”

మోకాలి నుంచి ఛాతీ దాకా అంటే కుర్చీలో కూర్చున్న మనిషి వీపు తగిలే ఎత్తు. నేను రెండేళ్ళు ఆ ఎత్తును కొలిచి రాసుకున్నాను.

ముసలావిడ మేస్త్రీ వైపు చూసింది. “ఏమప్పా, చిన్నోని ఇల్లు నువ్వు యాల కట్టలేదు? నీకు వేరే పెద్ద పని వచ్చిందని వీళ్ళు చెప్పిరి. డీపీసీ అంటా ఉండారు, దొంగ అంటా ఉండారు. నాతో ఒక మాట చెప్పింటే నేను వీనికి చెప్పనా?”

“చెప్తావనే చెప్పలేదమ్మా,” అన్నాడు మేస్త్రీ. “చెప్పొద్దని మాట తీసుకొంటివి కదా.”

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. డాంప్ ఎక్స్‌పర్టు అలా హాలు మధ్యలో నిలబడి కళ్ళు తుడుచుకోవడం బాగుండదని తెలుసు, అయినా వచ్చింది. డీపీసీ ఉన్నదని, అది లేదని తప్పుగా రాసింది నేనేనని, చూడకుండా రాశానని ఇంటాయన ముందు గట్టిగా చెప్పాను. రంధ్రాలు, మందు, గ్యారంటీ, ఏవీ ఆ గోడకు అక్కర్లేదని కూడా చెప్పాను.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. పాత ఇటుకలను మేస్త్రీయే రెండు ఆదివారాల్లో తీసి కొత్తవి పేర్చాడు. పాతవాటిని ముసలావిడ పారేయనివ్వలేదు. ఇప్పుడవి పెరట్లో కరివేపాకు చెట్టు చుట్టూ ఉన్నాయి. అక్కడ తడిస్తే ఎవరూ ఫోన్ చెయ్యరు. ఇంటాయన అదే వాట్సాప్ గ్రూపులో తప్పు తనదని పెట్టాడు. మొదటి కాగితాన్ని అందరూ చూశారు, రెండో మెసేజీని సగం మంది చూశారు. సర్జాపుర ఇల్లు అప్పటికే వేరేవాళ్ళు కట్టేశారు. దాన్ని వెనక్కి ఇవ్వడం ఎవరి చేతిలోనూ లేదు. మేనేజరు నన్ను మేడల పైకప్పుల్లోంచి నీళ్ళు దిగకుండా చూసే విభాగానికి మార్చాడు. అక్కడ మీటరు అవసరం లేదు, తలెత్తి చూస్తే కారుతూ ఉంటుంది. రిటైరయ్యే దాకా అక్కడే పనిచేశాను.

ఆ ఆదివారం సంగతి ఇంకొంచెం మిగిలి ఉంది. అందరూ కాస్త కుదుటపడ్డాక, క్షమించమని మేస్త్రీని అడిగాను. అతను నా బ్యాగు వైపు చెయ్యి చూపించాడు.

“ఆ కాయితం మార్చి రాసియ్యప్పా. తెలుగులో రాయి.”

“తెలుగులో ఎందుకు?”

“మా ఇంట్లో చదవల్ల.”

మా వైపు ఇంట్లో అంటే భార్య. బామ్మర్ది పోయినందుకు తనకు బాధ లేదని, పోతే పోయాడని అన్నాడు. “మా ఇంట్లో ఆయమ్మ గూడ నమ్మింది. రెండేండ్ల నుంచి ఒక్క మాట అనలేదు. అంత పెద్ద కంపెనీవాళ్ళు మెషీను పెట్టి ఊరికే రాస్తారా అని, అంతే ఒకసారి అనింది.”

బ్యాగులో లెటర్‌హెడ్ కాగితాలున్నాయి. మేనేజరును అడగకుండా, ఆ ఇంటి భోజనాల బల్ల మీద పెట్టుకుని రాశాను. గోడ తెరిచి చూశాం, డీపీసీ ఉంది, చక్కగా వేశారు, లేదని నేను రాసింది తప్పు. కింద సంతకం పెట్టాను. మేస్త్రీ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ చదివాడు. చదివి, జేబులో పెట్టుకోకుండా ఫోను తీసి నొక్కి, స్పీకరు పెట్టి నా చేతికి ఇచ్చాడు.

“నువ్వే చెప్పు.”

వేల మంది ఇంటివాళ్ళకు గోడల గురించి చెప్పినవాడిని. ఫోను రెండు చేతులా పట్టుకున్నాను. “అమ్మా, నేను గోడలు చూసే కంపెనీ నుంచి…”

“తెలుసు,” అంది ఆమె. “మెషీనాయన.”

అంతా చెప్పాను. అయిపోయాక, “ఇప్పుడు మెషీనేమంటా ఉండాది?” అంది.

“మెషీను అట్లే అంటుందమ్మా. నేనే చూడకుండా రాశాను. ఆయన పని ఆయన సరిగ్గానే చేశాడు.”

పైన పీజీ కుర్రాళ్ళు బకెట్లు ఈడుస్తున్న చప్పుడు వినబడుతోంది. ఆమె ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

“ఫోను ఆయప్పకియ్యి,” అంది.

ఇచ్చాను. అతను స్పీకరు తీసేసి, ఫోను చెవికి ఆనించి మా అందరికీ వీపు చేసి నిలబడ్డాడు. ఐదారు సార్లు ‘ఊ’ అన్నాడు. చివరికి, “ఏడ్వొద్దులే, వస్తా ఉండా,” అని బండి తాళం తీసుకున్నాడు.